దుమ్ము నడిచే దారి

నేల మరీ పొడిగా ఉన్నప్పుడు ఊడవబోయే ముందు నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించాలని మన ఊళ్లలో ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. చూసి నేర్చుకుంటారు. వాకిలి ఊడ్చాక కోస్తాలో కళ్ళాపి చల్లుతారు, తెలంగాణలో సాన్పు చల్లుతారు. ఇంటి లోపల చీపురు పట్టాక తడిగుడ్డ పెడతారు. ఈ పనులన్నిటి వెనకా ఉన్న తెలివి ఒక్కటే: దుమ్మును కదిలించడం వేరు, వదిలించుకోవడం వేరు. పొడినేల మీద చీపురు ఎంత విసురుగా ఆడితే అంత దుమ్ము గాల్లోకి లేస్తుంది. పెద్ద నలుసులు చేటలోకి వస్తాయి. కంటికి ఆననివి చాలాసేపు గాల్లో తేలి, కిటికీ ఊచల మీదా పరుపుల మీదా మన ఊపిరితిత్తుల్లోనూ దిగుతాయి. నీరు ఆ సన్నటి ధూళిని పట్టి కూర్చోబెడుతుంది. ఇల్లు శుభ్రం చేసే ఏ సాధనాన్నైనా ఈ తెలివితోనే తూచాలని నా నమ్మకం. దుమ్ము ఇప్పుడు ఎక్కడుంది, ఈ సాధనం దాన్ని చివరికి ఎక్కడికి చేరుస్తుంది? వాక్యూమ్ క్లీనర్ కొనడానికి వెళ్లినప్పుడు మాత్రం ఈ ప్రశ్న మనసులోంచి జారిపోతుంది. ఎన్ని వాట్లు, ఎంత ధర, ఎంత డిస్కౌంటు అన్నవే మిగులుతాయి. నిలబెట్టి ముందుకూ వెనక్కూ తోసే అప్‌రైట్ రకం విషయంలో ఈ మరుపు ఖరీదు ఇంకా ఎక్కువ. అది అన్ని నేలల కోసమూ పుట్టిన యంత్రం కాదు మరి.

దాని పుట్టుక తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. హ్యూబర్ట్ సిసిల్ బూత్ బ్రిటన్‌కు చెందిన సివిల్ ఇంజనీరు. లండన్‌లో ఒక ప్రదర్శనలో, గాలిని బలంగా ఊది దుమ్మును లేపే యంత్రాన్ని చూశాడు. ఊదే బదులు పీల్చకూడదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే వచ్చింది. ఒక కుర్చీ గుడ్డ మీద చేతిరుమాలు పరిచి నోటితో గాలి పీల్చి చూశాడనీ, రుమాలు అడుగున దుమ్ము అంటుకుందనీ చెబుతారు. 1901లో ఆయన చేసిన యంత్రం గుర్రాలు లాగే బండి మీద వీధిలో ఆగేది. పెట్రోలు ఇంజను ఆడుతుంటే పొడుగాటి గొట్టాలు కిటికీల్లోంచి ఇళ్లలోకి వెళ్లేవి. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబేలో పరిచిన తివాచీని దాంతోనే శుభ్రం చేశారు. ఈ కథలో అందరికీ గుర్తుండేది గుర్రబ్బండి. నాకు ముఖ్యంగా తోచేది ఆ రుమాలు. గాలి దాటిపోయి దుమ్ము ఆగిపోయింది అక్కడే. పీల్చడం సగం పని, ఆపడం మిగతా సగం. ఆ రుమాలు లేకుంటే దుమ్ము ఒక చోటినుంచి ఇంకో చోటికి మారుతుంది, అంతే.

అప్‌రైట్‌కు రూపమిచ్చినవాడు జేమ్స్ మరే స్పాంగ్లర్. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలోని ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్లో ఊడ్చి తుడిచే ఉద్యోగి. ఆయనకు ఉబ్బసం. రోజూ తివాచీలు దులిపేటప్పుడు లేచే దుమ్ము ఆయన ఊపిరి తీసేది. దాంతో ఒక పెట్టెలో ఫ్యాను మోటారు బిగించి, దానికి చీపురు కర్ర తగిలించి, వెనక దిండు గలీబు కట్టాడు. ముందు తిరిగే బ్రష్షు పెట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. గుర్రపు జీనులూ తోలు సామానూ చేసే విలియం హెన్రీ హూవర్ ఆ హక్కులు కొన్నాడు. మోటారు కార్లు వచ్చి గుర్రాల కాలం ముగుస్తున్న రోజులవి. ఆ తర్వాత హూవర్ పేరు బ్రిటన్‌లో ‘వాక్యూమ్ చెయ్యడం’ అనే క్రియాపదమే అయిపోయింది. 1926లో ఆ కంపెనీ తిరిగే బ్రష్షుకు గట్టి పట్టీలు చేర్చింది, తివాచీని కొట్టినట్టు అదిలించడానికి. ఉబ్బసం ఉన్న ఒక పనివాడు తన ఊపిరి కాపాడుకోవడానికి చేసుకున్న యంత్రమిది. దాన్ని ఎంచుకునేటప్పుడు ఊపిరి సంగతి మరిచిపోతే దాని మొదటి ప్రయోజనాన్నే మరిచినట్టు.

ఆ తిరిగే బ్రష్షు ఎందుకు కావలసివచ్చిందో చూస్తే అప్‌రైట్ గుట్టు తెలుస్తుంది. తివాచీ మీద పడిన ఇసుక పైన కూర్చోదు. అడుగు పడిన ప్రతిసారీ కుచ్చుల మధ్యలోంచి ఇంకాస్త కిందికి దిగి, కుచ్చు మొదట్లో నేసిన చోటికి చేరుతుంది. అక్కడ నలిగి నలిగి దాని పదును అంచులు పోగులను కోస్తాయి. అందుకే చూడ్డానికి శుభ్రంగా ఉన్న తివాచీ కూడా లోపల అరిగిపోతూ ఉండవచ్చు. పైన గాలి ఎంత బలంగా పీల్చినా, ఆ గాలికి దారి దొరికేది కుచ్చుల పైభాగంలోనే ఎక్కువ. కుచ్చులను విడదీసి, అదిలించి, అడుగునున్న నలుసును పైకి లేపేదాకా గాలి చేతికి అది అందదు. అందువల్ల అప్‌రైట్‌కు గుండెకాయ మోటారు కాదు, ఆ బ్రష్షు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ పట్టణం చుట్టూ, దుప్పట్ల మీద కుచ్చులు కుట్టే పాత చేతిపని కాస్తా యంత్రాల మీద నైలాను తివాచీల పరిశ్రమగా మారింది. గోడ నుంచి గోడ దాకా తివాచీ పరవడం మధ్యతరగతి అమెరికన్లకు అందుబాటులోకి వచ్చింది. పైకి ఎత్తి పెరట్లో వేలాడదీసి కర్రతో దులపగలిగిన పాత తివాచీ వేరు, మేకులు కొట్టి నేలకు అతికించిన తివాచీ వేరు. రెండోదాన్ని ఉన్నచోటే దులపాలి. ఉన్నచోటే దులుపుతూ లేచిన దుమ్మును ఆ క్షణంలోనే మింగేసే యంత్రం కాబట్టే అప్‌రైట్ ఆ దేశపు ఇళ్లలో అంతగా పాతుకుపోయింది.

ఇప్పుడు మన నేలల సంగతి. తాండూరు బండలు, కడప నల్లబండలు, బేతంచెర్ల బండలు, ఆ తర్వాత మొజాయిక్, ఇప్పుడు విట్రిఫైడ్ టైల్సు, గ్రానైటు. ఎండ కాచే నేలకు, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చే అలవాటుకు, నీళ్లు పోసి కడిగే పద్ధతికి సరిపోయే నేలలివి. వీటిమీద దుమ్ము దాక్కోదు. పైనే ఉంటుంది, లేదంటే బండల సందుల్లో, గోడ మూలల్లో, మంచాల కింద ఉంటుంది. లోతుల్లోంచి లేపాల్సింది ఏమీ లేని చోట తిరిగే బ్రష్షు చేసే పని తిరగబడుతుంది. ఇసుక రేణువునూ బియ్యపు గింజనూ పట్టుకోకముందే వెనక్కి చిమ్ముతుంది. నున్నటి నేల మీద గట్టి వెంట్రుకలతో ఇసుకను రాపాడిస్తే గీతలు పడే ప్రమాదం కూడా ఉంది. అందుకే బ్రష్షును ఆపే మీట ఉన్న అప్‌రైట్లు వచ్చాయి. అయితే బ్రష్షు ఆపేశాక అప్‌రైట్‌లో మిగిలేది బరువైన పీల్చుడు యంత్రమే. మన దేశంలో 1982 తర్వాత యురేకా ఫోర్బ్స్ సేల్స్‌మెన్ ఇంటింటికీ తిరిగి పరుపు మీద దుమ్ము తీసి చూపించి అమ్మిన యంత్రాలు ఈ జాతివి కావు. పెట్టె నేలమీద ఉండి, పొడుగాటి గొట్టం చేతిలో ఉండే క్యానిస్టర్ జాతివి. 1921లో స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ స్లెడ్జి బండిలా జారే పెట్టెతో ఈ దారిని వేసింది. గొట్టం సోఫా సందుల్లోకి, ఫ్యాను రెక్కల మీదికి, బీరువా వెనక్కి పోతుంది. టైల్సు వేసిన హైదరాబాదు ఫ్లాటుకూ విజయవాడ ఇంటికీ ఆ ఎంపికే సరైనదని నా అభిప్రాయం. విదేశీ సినిమాల్లో చూసిన ముచ్చటతో టైల్సు మీదికి అప్‌రైట్ కొనడం దండగ.

ఈ దేశం బయట ఉన్న తెలుగు ఇళ్లలో లెక్క మారుతుంది. డల్లాస్ అపార్ట్‌మెంటైనా న్యూజెర్సీ టౌన్‌హౌస్ అయినా పడగ్గదుల్లోనూ మెట్ల మీదా తివాచీ ఉండటం మామూలే. అక్కడికి చేరిన కుటుంబం మొదటి నెలల్లో కొనే వస్తువుల్లో వాక్యూమ్ క్లీనర్ ఒకటి. అక్కడ అప్‌రైట్ దాని సొంత ఊళ్లో ఉన్నట్టే. ఇంకో మాట కూడా చెప్పాలి. అక్కడి యంత్రం 120 వోల్టుల కరెంటుకు చేసింది. తిరిగి వచ్చేటప్పుడు సామానులో వేసుకొస్తే ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో దాని మోటారు కాలిపోతుంది. దానికి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ కొనడం కంటే అక్కడే ఎవరికైనా ఇచ్చి రావడం మేలు. తివాచీ ఇంట్లో మన పండుగలకు వేరే చిక్కులున్నాయి. సత్యనారాయణ వ్రతం అయ్యాక రాలిన అక్షతలు, బతుకమ్మ తెచ్చిన రోజు రాలిన తంగేడు రేకులూ బంతి రేకులూ, మంగళవారం నాటి పసుపు కుంకుమ, ఇవన్నీ తివాచీ కుచ్చుల్లో చిక్కుకుంటాయి. గట్టి గింజలను ముందు చేత్తోనో చిన్న చీపురుతోనో ఏరెయ్యడం మంచిది. తడి రేకులు గొట్టంలో అంటుకుని దారి మూస్తాయి. కుంకుమ పడిన చోట బ్రష్షు ఆడితే రంగు ఇంకా లోపలికి రుద్దుకుపోతుంది. అక్కడ బ్రష్షు ఆపి, గొట్టం మొన ఆనించకుండా పైనుంచే పీల్చాలి.

ఎంత బలమైన యంత్రం కావాలి అన్న చోట ఎక్కువమంది పెట్టె మీది అంకెను నమ్ముతారు. భారతదేశంలో వాట్లు రాస్తారు, అమెరికాలో ఆంపియర్లు రాస్తారు. రెండూ చెప్పేది యంత్రం ఎంత కరెంటు తింటుందన్నదే, ఎంత దుమ్ము తీస్తుందన్నది కాదు. యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబరు నుంచి 1,600 వాట్లకు మించిన గృహ వాక్యూమ్ క్లీనర్ల అమ్మకం ఆపింది. 2017 సెప్టెంబరులో ఆ పరిమితిని 900 వాట్లకు దించింది. అక్కడి ఇళ్లు అందువల్ల మురికిగా మారలేదు. తయారీదారులు గాలి దారినీ మూతినీ మోటారునూ మెరుగుపరుచుకున్నారు. అసలు విషయం ఇది: యంత్రం దుమ్మును లాగదు. లోపల ఫ్యాను వేగంగా తిరిగి గాలి పీడనం తగ్గిస్తే, బయటి వాతావరణమే గాలిని లోపలికి నెడుతుంది. ఆ గాలి ప్రవాహం మీద దుమ్ము ఎక్కి వెళ్తుంది. గొట్టం మొనను అరచేత్తో మూసేస్తే పీల్చే పట్టు గరిష్ఠంగా ఉంటుంది గాని గాలి కదలదు, దుమ్మూ కదలదు. గొట్టం పూర్తిగా తెరిచి పట్టుకుంటే గాలి బాగా కదులుతుంది గాని పట్టు ఉండదు. రెండూ కలిసిన చోటే పని జరుగుతుంది. ఈ రెంటి గుణకారాన్నే ఎయిర్‌వాట్లు అంటారు. దుకాణంలో అరచెయ్యి అతుక్కుపోవడం చూపించి అమ్మే పద్ధతిని అందుకే నేను సాక్ష్యంగా ఒప్పుకోను. దారి పొట్టిగా, వంకరలు లేకుండా ఉన్న యంత్రం తక్కువ కరెంటుతో ఎక్కువ గాలిని కదిలిస్తుంది. పాతకాలపు అప్‌రైట్లలో మూతి పక్కనే ఫ్యాను ఉండి దుమ్ము దానిలోంచే సంచిలోకి పోయేది. దారి పొట్టిది కనుక గాలి బాగా కదిలేది, కాని ఒక గులకరాయో నాణెమో పడితే ఫ్యాను రెక్క విరిగేది. తర్వాత వచ్చినవాటిలో దుమ్ము ముందు సంచికో డబ్బాకో చేరి, వడకట్టిన గాలే ఫ్యానుకు వెళ్తుంది. చిన్నపిల్లల ఆటవస్తువుల ముక్కలు నేలమీద పడే ఇంటికి ఈ రెండో రకమే నయం.

ఇక వడపోత. నా వాదానికి ఇది ఇరుసు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. యంత్రం లోపలికి పోయిన గాలి అంతా మళ్లీ గదిలోకే వస్తుంది. దాంతో పాటు సన్నటి ధూళి కూడా వస్తే, పొడిచీపురు చేసే తప్పునే కరెంటు పెట్టి ఇంకా బలంగా చేసినట్టవుతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పరుపుల్లోనూ తివాచీల్లోనూ బతికే దుమ్ముపురుగుల మలరేణువులు సుమారు 20 మైక్రాన్లు ఉంటాయి. చాలామంది ఉబ్బసపు రోగులకు ఎలర్జీ తెచ్చేది ప్రధానంగా అవే. అవి నలిగి ముక్కలైతే ఇంకా చిన్నవి. అమెరికా ప్రమాణం ప్రకారం హెపా ఫిల్టర్ అనిపించుకోవాలంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపాలి. ఆ పరిమాణాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, వడపోతకు అన్నిటికంటే కష్టంగా దొరికే రేణువులు ఆ ప్రాంతంలో ఉంటాయి. అంతకంటే పెద్దవి పోగులకు తగిలి ఆగుతాయి, అంతకంటే చిన్నవి గాల్లో గజిబిజిగా తిరుగుతూ పోగులకు అంటుకుంటాయి. పెట్టె మీద ‘హెపా’ అని ఉందా, ‘హెపా లాంటిది’ అని ఉందా చూడాలి. రెండో మాటకు ఏ కొలతా లేదు. ఫిల్టర్ ఒక్కటే బాగుంటే చాలదు కూడా. దాని చుట్టూ రబ్బరు అంచు సరిగ్గా మూసుకోకపోతే గాలి సులువైన సందునే వెతుక్కుంటుంది. ఖరీదైన ఫిల్టరును పక్కనే ఉంచి దుమ్ము పక్కదారి పడుతుంది. అందుకే యంత్రం మొత్తం మూసి ఉన్నదా అని అడగాలి.

సంచి ఉన్నది కొనాలా, సంచి లేనిది కొనాలా అన్నది ఈ ప్రశ్నకు కొనసాగింపే. జేమ్స్ డైసన్ వేలకొద్దీ నమూనాలు చేసి చూసి, గాలిని సుడి తిప్పి దుమ్మును గోడకు విసిరే యంత్రాన్ని 1993లో తన పేరుతో బ్రిటన్ మార్కెట్లోకి తెచ్చాక సంచి లేని అప్‌రైట్లు వెల్లువలా వచ్చాయి. సంచుల ఖర్చు ఉండదు, నిండే కొద్దీ పట్టు తగ్గదు, తీసిన దుమ్ము కంటికి కనబడుతుంది. ఈ మూడూ నిజమైన లాభాలే. కాని డబ్బాను చెత్తబుట్టలో గుమ్మరించేటప్పుడు పైకి లేచే పొగలాంటి ధూళిని చూడండి. వారమంతా కష్టపడి బంధించింది ఒక్క నిమిషంలో విడుదలవుతుంది. సంచి అయితే మూతి బిగించి అలాగే పారేస్తాం. ఇంట్లో ఉబ్బసం, తుమ్ముల జబ్బు ఉన్నవాళ్లుంటే, సంచికి ఏడాదికయ్యే ఖర్చు మందుల ఖర్చు ముందు చిన్నదే. అలాంటివాళ్లు లేని ఇంట్లో సంచి లేనిది కొన్నా తప్పు లేదు, ఎక్కడ గుమ్మరించాలో తెలిస్తే చాలు.

ఇంతకీ చీపురు చాలదా అని అడిగేవాళ్లున్నారు, వాళ్ల ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యను. కొండచీపురు గొప్ప సాధనం. పాడేరు, అరకు కొండల్లో గిరిజనులు కోసి కట్టిన గడ్డి అది. గిరిజన సహకార సంస్థ దాన్ని కొని అమ్ముతుంది. కరెంటు అక్కర్లేదు, శబ్దం లేదు, అరిగిపోతే మట్టిలో కలిసిపోతుంది. నున్నటి నేల మీద మెల్లగా ఊడ్చి, తర్వాత తడిగుడ్డ పెట్టే ఇంట్లో నేలవరకు వాక్యూమ్ క్లీనర్ లేకపోయినా ఏ లోటూ లేదని నేను ఒప్పుకుంటాను. కాని ఇంట్లో దుమ్ము ఉండేది నేలమీద మాత్రమే కాదు. దుమ్ముపురుగులు నీళ్లు తాగవు, గాల్లోని తేమనే ఒంటితో పీల్చుకుని బతుకుతాయి. మన చర్మం నుంచి రాలే పొట్టే వాటి తిండి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో గాలి తేమ వాటికి బాగా సరిపడుతుంది. పరుపు, దిండు, గుడ్డ సోఫా, దళసరి కర్టెన్లు, ఇవి చీపురుకు అందవు, తడిగుడ్డకూ అందవు. ఎండలో వేసి దులపడం మంచి పాత పద్ధతే గాని ఆరో అంతస్తు ఫ్లాటులో పరుపును ఎక్కడ ఎండేస్తాం? పీల్చే యంత్రానికి అసలు చోటు అక్కడుంది. అయినా ఒక నిజం దాచకూడదు. అది బతికున్న పురుగులన్నిటినీ బయటికి లాగలేదు, అవి పోగులను గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటి మలాన్నీ రాలిన పొట్టునూ తగ్గిస్తుంది. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకడం, పరుపుకు బిగుతైన తొడుగు వెయ్యడం దీనితో పాటు జరగాల్సిన పనులు. ఇదొక్కటే చాలు అని అమ్మేవాళ్ల మాట నమ్మవద్దు.

రోబో కొంటే పోలా అన్నది ఇప్పటి ప్రశ్న. గుండ్రటి చిన్న యంత్రం తనంతట తాను తిరిగి నేల పైపైన దుమ్మును రోజూ తీస్తుంది, అది మంచి పనే. దాని మోటారు చిన్నది, డబ్బా చిన్నది, బరువు తక్కువ. తివాచీ అడుగున ఉన్న ఇసుకను అదిలించే శక్తి దానికి లేదు. మన ఇళ్లలో గడపలు దాటడం కూడా దానికి కష్టమే. వైరు లేని కర్రలాంటి క్లీనర్లు మంచి స్నేహితులు. వంటగదిలో రాలిన పప్పుకూ కారు సీట్లకూ బాగుంటాయి. నాలుగు గదుల తివాచీకి వాటి బ్యాటరీ సరిపోవడం అరుదు. ఇక వాటి గురించి అంతకంటే చెప్పుకోవలసింది లేదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రచురించిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ పుస్తకంలో ఒక సంగతి నిరూపించింది. ఇంటి యంత్రాలు వచ్చినా ఇల్లాలి పనిగంటలు తగ్గలేదు. ఒకప్పుడు తివాచీలు మోసి దులిపే పనిలో మగవాళ్లూ పిల్లలూ పనివాళ్లూ చెయ్యివేసేవారు. యంత్రం వచ్చాక అది ఒక్క ఇల్లాలి పని అయింది. పైగా ఏడాదికి ఒకసారి దులిపే తివాచీని వారం వారం దులపాలన్న కొత్త కొలమానం పుట్టింది. ఇది యంత్రానికి వ్యతిరేకంగా వాడే మాటగా కొందరు తీసుకుంటారు. నేను అలా తీసుకోను. యంత్రం చేతుల్ని మార్చగలదు గాని పని ఎవరిదన్నది ఇంట్లోవాళ్లు తేల్చుకోవాలి. బరువు తూచి కొనడం కూడా అందులో భాగమే. చాలా అప్‌రైట్లు ఆరు నుంచి తొమ్మిది కిలోలు తూగుతాయి. మెట్లు ఉన్న ఇంట్లో అంత బరువు పైకీ కిందికీ మోసేది ఎవరో ఆలోచించకుండా కొంటే అది మెట్ల కింద మూలకు చేరుతుంది. మరోవైపు మన చీపురు పొట్టిది. దాంతో ఊడ్చే మనిషి నడుము వంచి, ముఖం లేచే దుమ్ముకు దగ్గరగా పెట్టి పని చెయ్యాలి. ఇంటికి వచ్చి పనిచేసే ఆవిడ రోజుకు నాలుగైదు ఇళ్లు అలా ఊడుస్తుంది. నిటారుగా నిలబడి తోసే పిడి, ముఖానికి దూరంగా లేచే దుమ్ము, ఇవి ఆమెకు హక్కుగా అందాలని నేను గట్టిగా అనుకుంటాను. అప్‌రైట్ కొనకపోయినా సరే, చీపురుకు పొడుగు పిడి తగిలించడానికి ఎంతో ఖర్చు కాదు.

వాడకంలో ఎక్కువమంది చేసే పొరపాటు తొందర. ఊడ్చినట్టు చకచకా తోస్తారు. బ్రష్షు కుచ్చులను అదిలించడానికీ, లేచిన నలుసును గాలి మోసుకెళ్లడానికీ వ్యవధి కావాలి. మెల్లగా ముందుకు తోసి, అంతకంటే మెల్లగా వెనక్కి లాగాలి. ఒక గీత మీద ఇంకో గీత సగం ఎక్కేలా వెళ్లాలి. ఎక్కువ నడిచే చోట, అంటే గుమ్మం దగ్గరా సోఫా ముందూ, అడ్డంగా ఇంకోసారి తోస్తే ఇంకో పక్కకు వాలిన కుచ్చుల్లోని ఇసుక కూడా వస్తుంది. మూతి ఎత్తు సరిచేసే మీటను చాలామంది కొన్నప్పటి నుంచి ముట్టుకోరు. మరీ కిందికి ఉంటే గాలికి దారి మూసుకుపోయి యంత్రం తివాచీకి అతుక్కుంటుంది, తోయడం బరువవుతుంది, బ్రష్షు తిప్పే బెల్టు వేడెక్కుతుంది. మరీ పైకి ఉంటే బ్రష్షు కుచ్చులను తాకనే తాకదు. పైనుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దించుతూ, యంత్రం తనంతట తాను కొద్దిగా ముందుకు లాగుతున్నట్టు అనిపించిన చోట ఆపాలి. ఏలూరు తివాచీ లాంటి చేత్తో ముడివేసిన ఉన్ని తివాచీ మీద మాత్రం బ్రష్షు తిప్పవద్దు. ముడులు వదులవుతాయి, అంచు కుచ్చులు బ్రష్షు రోలరుకు చుట్టుకుని తెగుతాయి. గొట్టంతో కుచ్చు వాలిన దిక్కునే పీల్చాలి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా లాంటి పలచటి నేత అయితే పైకెత్తి దులపడమే సుఖం. యంత్రం పెడితే గుడ్డ మొత్తం మూతికి అతుక్కుంటుంది. చుట్లు చుట్లుగా నేసిన తివాచీల్లోనూ బ్రష్షు ఒక చుట్టును పట్టి లాగితే బారెడు పోగు ఊడివస్తుంది.

పొడుగు జడలున్న ఇళ్లలో రోలరుకు వెంట్రుకలు చుట్టుకోవడం తప్పదు. మల్లెపూలు కట్టిన దారం, కుట్టుమిషను దగ్గర రాలిన పోగులు కూడా అంతే. రెండు మూడు వారాలకోసారి ప్లగ్గు తీసి, యంత్రాన్ని తిరగేసి, కత్తెర మొనతో చుట్లకు అడ్డంగా కోసి లాగెయ్యాలి. వదిలేస్తే అవి రెండు చివరల ఇరుసుల్లోకి పాకి, రోలరు ఆగిపోయి, బెల్టు కాలిన రబ్బరు వాసన వేస్తుంది. సాగిన బెల్టు తెగకపోయినా బ్రష్షును నెమ్మదిగా తిప్పుతుంది. శబ్దం అంతా ఉంటుంది, పని మాత్రం ఉండదు. బెల్టు ఖర్చు కొద్దిదే, మార్చడానికి వెనకాడనక్కర్లేదు. లోపలికి పోనివ్వకూడనివి కొన్నున్నాయి. ముగ్గుపిండి, గోడలు గీకిన సిమెంటు పొడి, పొయ్యి బూడిద ఇవి ఫిల్టరు రంధ్రాలను పూర్తిగా మూసేసి మోటారుకు గాలి అందకుండా చేస్తాయి. మోటారు చల్లబడేది చాలా యంత్రాల్లో ఆ గాలితోనే. ఆరని కర్పూరపు బిళ్లను, నిప్పున్న అగరుబత్తి మొనను పీలిస్తే సంచిలోని దూది లాంటి దుమ్ము అంటుకోవచ్చు. నీటి కోసం చెయ్యని యంత్రంతో తడి పీల్చడం కరెంటుతో చెలగాటం.

సంచిని పూర్తిగా నిండేదాకా ఉంచకూడదు. మూడింట రెండు వంతులు నిండగానే గాలి దారి సన్నబడుతుంది. డబ్బా ఉన్న యంత్రాన్ని గీత దాకా రాగానే ఖాళీ చెయ్యాలి. ఇంట్లోని చెత్తబుట్ట మీద కాదు, బయటికి తీసుకెళ్లి, ప్లాస్టిక్ సంచి లోపల డబ్బా మూతి పెట్టి, సంచి అంచులు డబ్బా చుట్టూ చేత్తో బిగించి అప్పుడు మూత వదలాలి. కాసేపు అలాగే ఉంచితే లేచిన ధూళి కిందికి దిగుతుంది. అప్పుడు మెల్లగా తీసి ముడివెయ్యాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని చెయ్యకూడదు, చెయ్యక తప్పకపోతే మాస్కు కట్టుకోవాలి. కడిగే ఫిల్టరును చల్లటి నీళ్లలో, సబ్బు లేకుండా, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, నీడన కనీసం ఇరవై నాలుగు గంటలు ఆరబెట్టాలి. పైకి ఆరినట్టున్నా మధ్యలో తడి మిగిలితే బూజు పడుతుంది, ఆ బూజు వాసన తర్వాతిసారి యంత్రం ఆడించగానే గదంతా నిండుతుంది. కడిగి తీసిన ఫిల్టరు దండెం మీద ఆరుతున్నంతసేపూ యంత్రాన్ని ముట్టుకోకుండా ఉంచాలి.